లండన్‌లో పది రోజుల ఇళ్ళవేట

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఒక ఉదయం ఆరింటికి నందిగామలో హైదరాబాద్ బస్సెక్కాను. మా ఆయన లండన్‌లో ఒక ఆసుపత్రిలో డాక్టరుగా చేరి అప్పటికి మూడు నెలలు. ఉండేది డాక్టర్ల హాస్టల్లో. భార్య వస్తే అక్కడ పది రోజులు గది ఇస్తారు, పదకొండో రోజు ఉండనివ్వరు. ఆలోగా అద్దె ఇల్లు దొరికితే కాపురం, లేకపోతే తిరుగు టిక్కెట్టు చేతిలోనే ఉంది.

హైదరాబాద్ నుంచి బొంబాయికి రైలు, అక్కణ్ణుంచి విమానం. మూడోనాడు మధ్యాహ్నం లండన్‌లో దిగాను.

ఆయనకు డ్యూటీలు కాబట్టి వెతికే పని నా నెత్తిన పడింది. అక్కడ ఖాళీ గదుల చీటీలు పేపర్ల కొట్టు అద్దాలకు అంటించి ఉంటాయి. రోజూ తొమ్మిదింటికల్లా రొట్టె, ఆవకాయ తిని బయల్దేరేదాన్ని. అద్దె వారానికింత. రెండు గదులకు వాళ్ళు వారానికి అడిగిన డబ్బుతో నందిగామలో నెలలపాటు మేడలో ఉండొచ్చు. ఫోనులో ఖాళీ ఉందన్నవాళ్ళు గుమ్మంలో నా చీర చూడగానే ఇప్పుడే ఇచ్చేశామనేవారు. ఒళ్ళు మండిపోయేది. బస్సులో పక్కన కూర్చున్న పంజాబీ ఆవిడ హిందీలో చెప్పింది, "మేమూ ఇలాగే తిరిగాం. ఎవరైనా సరేనంటే మాత్రం వదలొద్దు."

ఎనిమిదో రోజు మంగళవారం. సాయంత్రం నాలుగింటికి ఒక ముసలావిడ తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, లోపలికి రమ్మంది. మేడమీద రెండు గదులు, గ్యాసు పొయ్యి, కిటికీలోంచి ఎండ. ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు. మా పోపు వాసన సంగతి ముందే చెబితే, తన ముక్కు పనిచేసి ఏళ్ళయిందంది. అడ్వాన్సు ఇచ్చి తాళం తీసుకెళ్ళమంది. డబ్బు నా సంచిలోనే ఉంది. కానీ మంగళవారం నాడు కొత్త ఇంటి తాళం పుచ్చుకోవడానికి చెయ్యి రాలేదు. పెట్టెలో పంచాంగం పెట్టుకుని వెళ్ళిన మనిషిని. రేపు పదింటికి వస్తానన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

బుధవారం పదికి ఐదు నిమిషాలుండగానే వెళ్ళాను. ఆ పొద్దున్నే ఒక జంట వచ్చి తీసుకున్నారట. మీకు నచ్చలేదనుకున్నానంది ఆవిడ.

ఆ రోజూ మర్నాడూ వానలో తడుస్తూ కనబడ్డ గుమ్మమల్లా ఎక్కాను. గురువారం సాయంత్రం నా పెట్టె కడుతూ ఆయన, "పోన్లే, ఇందులో నీ తప్పేముంది" అన్నారు. నేను మడతపెట్టిన చీరలే మళ్ళీ మడతపెట్టాను.

తిరుగు దారిలో పదకొండింటికి హైదరాబాద్‌లో బస్సెక్కాను. సూర్యాపేటలో భోజనాలయ్యాక, పక్క సీటులో ఉన్న జగ్గయ్యపేట పెద్దావిడ మాట కలిపి, లండన్ నుంచి వస్తున్న సంగతి రాబట్టింది.

"మీ ఆయన్ని ఒక్కణ్ణే ఒదిలేసి వచ్చావా?"

"ఇల్లు దొరకలేదండి."

"అంత పెద్ద ఊళ్ళో ఒక్క ఇల్లు దొరకలా?"

ఆయనకు చెప్పని మాట ఆవిడకు చెప్పాను. "దొరికిందండి. మంగళారం దొరికింది."

"అయితే తీసుకోకపోవటమే మంచిదయిందిలేమ్మా" అని నా చెయ్యి తట్టి, ఆవిడ జగ్గయ్యపేట బస్సు మారడానికి చిల్లకల్లులో దిగిపోయింది.

ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. నెల కిందటైతే ఆ మాట నేనే అనేదాన్ని. లండన్ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, ఇల్లు నచ్చితే ఏ వారమైనా సరే అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టండి. ఆయన మాత్రం నా తప్పేమీ లేదనే ఇప్పటికీ అనుకుంటున్నారు.