బాయిలరుకు కుట్టిన బొంత

బాన్సువాడ పోసవ్వ తన బొంతలను నిప్పులో ఉతికేది. మాసిన బొంతను పొయ్యిలోకి తోసి, కాసేపాగి కట్టెతో బయటకు లాగితే మల్లెపువ్వులా తెల్లగా వచ్చేది.

సరే, బొంతలు అనడం కొంచెం ఎక్కువే. ఒక్క గుడ్డ ముక్క. అరచేతి కంటే కాస్త పెద్దది, వేడి గిన్నె దించుకోవడానికి పనికొచ్చేంత. మల్లెపువ్వంత తెలుపు కూడా కాదు, తడిసిన విభూతి రంగు. నిప్పు మాత్రం అసలు సిసలు నిప్పే. కావాలంటే పక్కింటి భూమవ్వ ఉంది సాక్ష్యానికి. ఆమె ఆ రోజు చూసిన వింతను చచ్చేదాకా అమ్ముకుని బతికింది, ప్రతిసారీ కొలత కొంచెం పెంచుతూ. ఆమె నోట్లో ఆ ముక్క చివరికి పందిరి మంచానికి సరిపడా అయింది.

ఆ ముక్క పోసవ్వ చేతికి ఎలా వచ్చిందంటే, ముందు పోసవ్వ బొంతల గురించి చెప్పాలి.

పాత చీరల మధ్య దూది పరిచి కుట్టే బొంత ఎవరైనా కుడతారు. పోసవ్వ కుట్టినదాంట్లో మాత్రం గడ్డ ఉండదు. చలికాలం ముందు ఇంటింటికీ పోయి, నిరుటి బొంతలు విప్పి, అణిగిపోయిన దూదిని సన్నటి కర్రలతో కొట్టి మళ్లీ పొంగించి, కొత్తగా కుట్టి ఇచ్చేది. దానికి ఆమె పెట్టుకున్న నియమాలు రెండే. దూది కొట్టేటప్పుడు తలుపులు కిటికీలు అన్నీ మూసెయ్యాలి, లేకపోతే గాలికి సగం దూది వీధిపాలు. రెండోది, దూదికి చుక్క నీరు తగలకూడదు. తగిలిందా, గడ్డకడుతుంది, ముక్కుతుంది, కప్పుకున్నవాడు కుట్టినదాన్ని తిట్టుకుంటాడు. చెమట పట్టిన చేత్తో దూది ముట్టిందని ఒక ఇంటి కోడలిని ఆమె గడప దాకా తరిమింది.

ఆమె మొగుడు ఆశన్న పటేలు దగ్గర జీతగాడు. అతని తండ్రీ అక్కడే, తాతా అక్కడే. పిలిస్తే పోవాలి, పిలవకపోయినా కొట్టంలోనే పడి ఉండాలి. పెళ్లయిన నాటి నుంచి మొగుడు పగటిపూట ఇంట్లో కూర్చుని అన్నం తినగా పోసవ్వ చూడలేదు. ఆమెకు నగ మీద మోజు లేదు, పొలం మీద ఆశ లేదు. ఆశన్న ఆ కొట్టంలోంచి బయటపడాలి. అంతే.

నిజాంసాగర్ కాలువలు పారిన కొన్నేళ్లకు, కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న హరనాథబాబు ఊరి చివర బియ్యం మిల్లు పెట్టాడు. పొగగొట్టం, ఆవిరి యంత్రం, దాని వెనక ఏనుగు పడుకున్నట్టు ఇనుప బాయిలరు. ఏనుగే, తిండిలో కూడా. ఊక చాలక బండ్ల కొద్దీ కట్టెలు మింగుతూ వేడంతా గాలికి వదిలేసేది. దానికి దుప్పటి కప్పాలన్నాడు ఫిట్టరు సాంబమూర్తి. దుప్పటికి కావలసిన సరుకు బేళ్లలో వచ్చింది. కుట్టేవాళ్లు కావాలి. ఊళ్లో ఎవర్ని అడిగినా ఒకటే పేరు చెప్పారు.

పోసవ్వ, పటేలు ఊళ్లో లేని రోజు చూసి ఆశన్నను కూడా వెంటబెట్టుకుని, మిల్లుకు వచ్చింది. బేలు విప్పి తెల్లటి పీచును వేళ్ల మధ్య నలిపి చూసింది.

“గిదేం దూది, మేస్త్రీ? ఏ చేన్ల పండింది?”

“చేలో కాదమ్మా, కొండలో. రాయి తవ్వి తీస్తారు. రాతినార అంటారు.”

“రాయిల నారనా? నేను బాన్సువాడదాన్నే గని పిచ్చిదాన్ని గాను.”

సాంబమూర్తి అగ్గిపుల్ల గీసి ఒక చిన్న పోగు కింద పెట్టాడు. పుల్ల కాలింది, అతని వేలు కాలింది, పోగు అలాగే ఉంది. పోసవ్వ ఆ పోగును లాక్కుని మళ్లీ వేళ్ల మధ్య నలిపింది. “కాలకుంటే కాలకపాయె. గడ్డలు మాత్రం శాన ఉన్నయ్” అంది.

హరనాథబాబు నవ్వాడు. “ఏం కావాలో అడుగు, పోసవ్వా.”

ఆమె ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. “బాబూ, మా ఆయనకు గా మంట కాడ పని ఇయ్యాలె. ఎప్పటికి. పటేలుతోటి నువ్వే మాట్లాడాలె.”

బాబు ఆశన్న భుజాలు చూసి, తనకు లాభమేనని తేల్చుకుని, తలూపాడు.

అంతా బాగానే ఉంది, సాంబమూర్తి నోరు తెరిచేదాకా. “చూడమ్మా, దీన్ని ముందు బాగా తడపాలి. తడిగా ఉండగానే పీకి నింపాలి. దుమ్ము లేవకూడదు.”

పోసవ్వ మొగుడి వైపు తిరిగింది. “ఇన్నవా? తడపాల్నట. ఇగ బొంత కుట్టినంక పండవెట్టి జోలపాట గూడ పాడాల్నేమో.”

“ఇది దూది కాదని చెప్పాను గదా!”

“బొంత కుట్టేది ఎవలు, నువ్వా నేనా?”

“నాకు పని నేర్పిన మేస్త్రీ అలాగే చెప్పాడు.”

“ఎందుకట?”

సాంబమూర్తి మేస్త్రీ చెప్పిన పని చెయ్యమనేవాడే గానీ ఎందుకో చెప్పేవాడు కాదు. “దుమ్ము మంచిది కాదు” అన్నాడు నసుగుతూ.

“మంచిది గాదట! మా ఆయన పటేలు కొట్టంల దుమ్ము దినే పెరిగిండు, మేస్త్రీ. గీ దుమ్ము ఏం జేస్తది?”

ఆశన్న కూడా నవ్వాడు. హరనాథబాబు తేల్చేశాడు. “పోనీవయ్యా సాంబమూర్తీ. ఎవరి పని వాళ్లకి తెలుసు. నాకు వేడి బయటికి పోకుండా ఉంటే చాలు.”

సాంబమూర్తి యంత్రం నడిపించి చూపించి తన దారిన వెళ్లిపోయాడు.

గోదాము తలుపులు మూశారు. కిటికీ సందుల్లో గోనెపట్టాలు కుక్కారు. పోసవ్వ తలుపు దగ్గర మూల కూర్చుని మందపాటి రాతినార గుడ్డకు గళ్లుగళ్లుగా కుట్లు వేస్తుంటే, ఆశన్న నడుమ నిలబడి పీచును కొట్టాడు. పటేలు ఎద్దుల మీద కూడా అంత ఉత్సాహంగా కర్ర ఎత్తి ఉండడు. పీచు పొంగింది. గదంతా తెల్లటి నూగు లేచి, పైకప్పు సందులోంచి పడిన ఎండలో మిలమిల మెరిసింది. ఆశన్న కనుబొమలు, మీసాలు, ఛాతీ మీది వెంట్రుకలు అన్నీ తెల్లబడ్డాయి.

“ముసలోనివైనవ్ లే” అంది పోసవ్వ.

“నిన్ను గూడ ముసలిదాన్ని జేస్త రా” అని అతను గుప్పెడు పీచు ఆమె మీద ఊదాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ల కాపురంలో అంత నవ్వు అంతకుముందు లేదు.

బొంత తయారైంది. బాయిలరుకు చుట్టి తీగలతో బిగించారు. లోపల నిప్పు ఉరుముతుంటే పైన చెయ్యి పెట్టి నిలబడవచ్చు. పిట్లం నుంచి కూడా జనం వచ్చి చెయ్యి పెట్టి చూసి పోయారు. “ఒక్క గడ్డ దొరుకుతదేమో చూడుండ్రి” అని పోసవ్వ అందర్నీ పిలిచి మరీ తడిమించింది. మిగిలిన గుడ్డలోంచి ఒక ముక్క కొంగున దాచుకుని ఇంటికి తెచ్చుకుంది. భూమవ్వ ఎదుట పొయ్యిలో పడేసి తీసింది ఆ ముక్కనే.

“అక్కా, దయ్యం పట్టిందే నీ గుడ్డకు!” అని భూమవ్వ గోడ దూకినంత పని చేసింది.

“దయ్యం గాదు, నా చెయ్యి.”

ఆశన్న కొట్టం వదిలాడు. హరనాథబాబు పటేలుతో ఏం మాట్లాడాడో తెలియదు గానీ మాట నిలబెట్టుకున్నాడు. మధ్యాహ్నం మిల్లు కూత పెట్టగానే ఆశన్న ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని అన్నం తినేవాడు. పోసవ్వ ఎదురుగా కూర్చుని చూసేది. కూరలో ఉప్పు తక్కువైనా అతనూ అనేవాడు కాదు, ఆమె కూడా గమనించేది కాదు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. పోసవ్వ ఆపనివ్వలేదు.

ఏడాది తిరిగి, కడగడానికి బాయిలరు చల్లార్చినప్పుడు ఆమె మిల్లుకు వచ్చి బొంతను వేలితో నొక్కింది. “అణిగింది బాబూ. ఇప్పి కొట్టాలె.” ఎవరూ అడగలేదు. ఆ బొంత ఇంకా ఎన్నో ఏళ్లు అలాగే ఉండేది. కానీ తన చేతి బొంతను అణిగిన దూదితో రెండో చలికాలం చూడనివ్వడం పోసవ్వకు చేతకాదు. మళ్లీ గోదాము, మళ్లీ మూసిన తలుపులు, మళ్లీ ఆశన్న చేతిలో కర్రలు. ఆ తర్వాత అది ఏటేటా జరిగే పని అయింది. యుద్ధం వచ్చి కొత్త సరుకు దొరక్కపోవడంతో పాత పీచునే ఇంకా గట్టిగా కొట్టారు. అది ఏటికేడు మరింత సన్నగా, మెత్తగా, పిండిలా అయింది. “పట్టులెక్క అయింది” అని ఆమె మురిసిపోయింది.

ఆశన్నకు దగ్గు మొదలైంది. ఊక దుమ్మన్నారు, పొగ అన్నారు, చుట్ట మానమన్నారు. మానాడు. ఇంటి నుంచి మిల్లుకు పోయేటప్పుడు మధ్యలో ఒకచోట ఆగడం మొదలుపెట్టాడు, తర్వాత చాలాచోట్ల. నిజామాబాదు దవాఖానకు తీసుకుపోతే క్షయ కావచ్చు, పాలు గుడ్లు పెట్టమన్నారు. పోసవ్వ పాలు గుడ్లు పెట్టింది.

ఆ ఏడాదే బాయిలరు గొట్టాలు మార్చడానికి సాంబమూర్తిని మళ్లీ పిలిపించారు. గోదాము తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాడు గడప దగ్గరే నిలబడిపోయాడు. తెల్లటి నూగు మధ్య ఆశన్న కర్ర మీద ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. సాంబమూర్తి అతన్ని రెక్క పట్టుకుని బయటకు లాక్కొచ్చి చెట్టు కింద కూర్చోబెట్టి, పోసవ్వను పక్కకు పిలిచాడు.

“తడపమన్నాను గదా అమ్మా.”

ఆమె చెట్టు కింద ఉన్న మొగుడి వైపు చూసింది.

“ఎందుకని అడిగావు ఆ రోజు. అప్పుడు నాకు తెలీదు. ఓడల రేవులో నాతో పనిచేసినవాళ్లు ఉండేవారు, మేస్త్రీ మాట వినకుండా పొడిగా దులిపినవాళ్లు. నా ఈడువాళ్లే. ఇప్పుడు ఎవ్వరూ లేరు. ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్లీ పైకి రాదు.”

“మందు?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“నేను గూడ అండ్లనే ఉంటి గద. నాకేం గాలే?”

“నువ్వు తలుపు దగ్గర కుట్టావు. కొట్టింది అతను.”

పోసవ్వ చెట్టు కిందికి వచ్చింది. ఆశన్న మీసాల మీద నూగు ఇంకా అలాగే ఉంది. కొంగుతో తుడవబోయి, ఆగి, లోటాలో కొంగు తడిపి తుడిచింది.

“ఏమంటుండే మేస్త్రీ?” అన్నాడతను, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.

“బొంత మంచిగున్నదంటుండు. గిట్లాంటిది ఏడ సూడలేదట.”

ఆశన్న ముఖం విచ్చుకుంది. “సూసినవా? గా రోజు తడపమని ఒకటే లొల్లి.”

“ఔ” అంది పోసవ్వ. “ఒకటే లొల్లి.”

మరుసటి చలికాలం అతను దాటలేదు. మంట దగ్గరి పని తండా నుంచి వచ్చిన జేత్యాకు ఇచ్చారు. మిల్లు ఒక్క రోజు ఆగలేదు. పోసవ్వ బొంత కింద బాయిలరు హాయిగా, వెచ్చగా పడుకుని ఉంది.

ఆ తర్వాత పోసవ్వ బొంతలు చెడిపోయాయి. వీధిలో, నడి ఎండలో, గాలి వీచే చోట కూర్చుని దూది కొట్టేది. సగం దూది ఎగిరిపోయేది. మిగిలినదాని మీద చెంబులో చెయ్యి ముంచి నీళ్లు చల్లేది. బొంతలు గడ్డలు కట్టాయి, ముక్కాయి. “ముసల్దానికి మతి తప్పింది” అని ఒక్కొక్క ఇల్లే ఆమెను పిలవడం మానేసింది. భూమవ్వ ఒక్కతే, పాపం, ముక్కిన వాసన వేసే బొంత కప్పుకుని మాట్లాడకుండా పడుకునేది.

యుద్ధం ముగిసిన తర్వాత మిల్లు చూసుకోవడానికి హరనాథబాబు మేనల్లుడు సుబ్బరాయుడు వచ్చాడు. బాయిలరు బొంత అణిగిపోయిందని ఎవరో అంటే, వెతుక్కుంటూ పోసవ్వ వాకిట్లోకి వచ్చాడు. ఆమె దూది ముందేసుకుని కూర్చుని ఉంది. పక్కన నీళ్ల చెంబు.

“బాయిలరుకి బొంత కుట్టింది మీరేనటగా, అవ్వా? మళ్లీ ఒకసారి విప్పి కొట్టివ్వాలి.”

“నేను గాదు.”

“ఊరంతా మీ పేరే చెబుతోంది. నిప్పులో ఉతికిన గుడ్డ కూడా మీ దగ్గర ఉందంటగా!”

“ఎవలు జెప్పిండ్రు, భూమవ్వనా? దానికి కండ్లు కనవడయి. నిప్పుల ఎవలన్న గుడ్డ ఉతుకుతరా?”

“ఎవరో ఫిట్టరు తడపమని చెబితే మీరు నవ్వారని కూడా...”

“ఏ ఫిట్టరు? నాకెవలు ఏం జెప్పలే. తడపమని చెప్తే తడపకుండ ఉంటమా, బిడ్డా?”

సుబ్బరాయుడు ఇబ్బందిగా నవ్వాడు. “మరి మీ ఆయన ఆ మిల్లులోనే కదా పనిచేసి...”

పోసవ్వ చెంబులో చెయ్యి ముంచింది. దూది మీద నీళ్లు చల్లింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

“మా ఆయన పటేలు కాడ జీతం ఉండె. కడదాక ఆడనే ఉన్నడు. కొట్టంలనే జరమొచ్చి సచ్చిపోయిండు. మిల్లు ఎటు దిక్కున్నదో గూడ మాకు ఎరుక లేదు.”