పాసైన నెత్తురు

మా ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. బస్తాలకెత్తే ముందు సిమెంటును పరీక్షించి, అంకె హద్దు లోపల ఉంటే పాస్, దాటితే ఫెయిల్ అని సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే వరస. పప్పులో ఉప్పు పాసో ఫెయిలో తేల్చందే ముద్ద మింగడు. ఫెయిలన్న రోజు నేనూ ఊరుకునేదాన్ని కాదు, అన్నంతో పాటు నాలుగు చీవాట్లు వడ్డించేదాన్ని.

అలాంటి మనిషికి ప్రోస్టేట్ క్యాన్సరని కర్నూలులో డాక్టరు చెప్పాడు. మగ హార్మోనే ఆ జబ్బుకు మేత అన్నాడు. మూడు నెలలకొక ఇంజెక్షన్ వేసి ఆ మేత ఆపుతామనీ, పీఎస్ఏ అనే నెత్తురు పరీక్ష చేస్తూ జబ్బు ఎటు పోతోందో కనిపెడతామనీ చెప్పాడు. పరీక్ష చేయించిన ప్రతిసారీ కాగితం తెచ్చి తనకు చూపించమన్నాడు.

మొదట వంద దాటి ఉన్న అంకె దబదబా పడిపోయి సున్నా పాయింట్ ఒకటికి దిగింది. ఇంజెక్షన్ పుణ్యమా అని ఆయనకు ఒళ్ళంతా ఆవిర్లు. మా కడప ఎండలు చాలవన్నట్టు, చొక్కా విప్పేసి ఫ్యాన్ కింద ఉసూరుమంటూ కూర్చునేవాడు. యాభై ఏళ్ళప్పుడు నేను పడింది ఇదేనప్పా, అప్పుడు నన్ను చూసి నవ్వితివి కదా అని దెప్పేదాన్ని. ఆయనా నవ్వేవాడు. మంత్రాలయం పోయి మొక్కు తీర్చుకుని వచ్చాం. పీడ విరగడైందనే అనుకున్నాను.

ఆ తర్వాత కర్నూలు పోవడం మానేశాం. మా ఊరి మెడికల్ షాపువాడు ఇంజెక్షన్ తెప్పిస్తే మా వీధి నర్సమ్మ వేసేది. నెత్తురు పరీక్షా ఊళ్ళోనే. కాగితంలో ఆయన అంకె పక్కనే అందరికీ ఉండే హద్దు అచ్చేసి ఉంటుంది, నాలుగు లోపల ఉండాలని. సున్నా పాయింట్ నాలుగు వచ్చింది. పాస్ అన్నాడు. తర్వాత ఒకటికి దగ్గరైంది, అదీ పాసే. రెండుకు కాస్త తక్కువగా వచ్చినప్పుడు నాకు మనసులో ఏదో పీకింది. పెరుగుతోంది కదా, ఒకసారి పోయొద్దామా అన్నాను. నాలుగు యాడ, రెండు యాడ అని కొట్టిపారేశాడు. జీవితమంతా ఆ పనే చేసిన మనిషి, ఆయనకు తెలియదా అనుకుని నేనూ నిశ్చింతగా నిద్రపోయాను.

మొన్న షాపులో ఇంజెక్షన్ దొరకలేదు. దానికోసమని కర్నూలు పోయి, పోయాం కదా అని డాక్టరుకు కాగితాలు చూపించాం. మా ఆయన మంచి మార్కులు తెచ్చుకున్న బడిపిల్లాడిలా కూర్చున్నాడు. డాక్టరు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగాడు.

"అన్నీ నాలుగు లోపలే కదా సార్" అన్నాడు మా ఆయన.

"ఆ నాలుగు ఈ మందు వాడనివాళ్ళకండీ. మీకు ఆ హద్దు పనికిరాదు. అన్నిటికంటే కిందికి దిగిన అంకె నుంచి ఎంత పెరిగింది, ఎంత తొందరగా పెరిగింది అన్నదే చూడాలి. మీకు ప్రతిసారీ రెట్టింపో, అంతకన్నా ఎక్కువో అవుతోంది. మేత ఆపినా పెరగడం నేర్చుకుంది జబ్బు."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు గానీ, అది నా మొగుడి ఒంట్లోనే ఉంటుందని కలలో అయినా అనుకున్నానా? ఆ నాలుగు అచ్చేసినవాడి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. మా ఆయన మాత్రం కాగితం చేతిలోకి తీసుకుని ఆ హద్దు వైపే చూస్తున్నాడు.

స్కాన్ తీయించారు. వెన్నెముకలోకి పాకిందన్నారు. వేరే మాత్రలున్నాయి, ఈరోజే మొదలుపెడదాం, ముందే వచ్చి ఉంటే ఇంకా మేలుగా ఉండేదని డాక్టరు మెల్లగా చెప్పాడు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మే, నడుము ఎండాకాలం నుంచి నొప్పి పెడతాండాది. కాగితం పాసయింది కదా, నొప్పిదే తప్పనుకుంటి."

ఇన్నాళ్ళూ పక్కనే పడుకున్న మనిషి. ఆయన నడుము మీద చేయి వేశాను. ఆ మాత్రానికే పళ్ళు బిగబట్టి పక్కకు జరిగాడు.