సలీమా టీచరూ, గుడ్డ కప్పిన కంప్యూటరూ

మొన్న మా అమ్మ బస్సు డ్రైవరుకిచ్చి పంపిన కవరు ముడి విప్పగానే, ఎండిన ఇప్పపూల వాసన, తీపీ పులుపూ కలగలిసిన ఆ మత్తు వాసన, ఖమ్మంలో నేను కిరాయికుంటున్న రెండు గదుల్లోనూ నిండిపోయింది. దవాఖానాలో నాతోపాటు డ్యూటీ దిగి వచ్చిన తోటి నర్సు గుమ్మంలోనే ఆగి, "ఏంది జోగమ్మా, గిదేం వాసన?" అని అడిగింది. ఇప్పపూలని చెప్పాను. మా బడి వాసన అని చెబితే ఆమెకు అర్థం కాదని ఊరుకున్నాను.

మా ఊరు భద్రాచలం అవతలి చర్ల నుంచి ఇంకా లోపలికి, అప్పట్లో ఎర్రమట్టి బాట మీద జీపులో ఎగిరెగిరి పడుతూ పోవలసిన చోట ఉండేది. ఊళ్ళో సగం మా కోయ ఇళ్ళు, సగం తెలుగు మాట్లాడే రైతుల ఇళ్ళు. మార్చి వచ్చిందంటే తెల్లవారకముందే గంపలు పట్టుకుని అడవికి పోయి, చెట్ల కింద ఊడ్చి ఉంచిన నేల మీద ముత్యాల్లా రాలిన పూలు ఏరుకుని, పొద్దెక్కాక అంటుకునే చేతులతోనే బడికి వచ్చేవాళ్ళం. ఆ తర్వాత తునికిపండ్లు, మేలో బీడీలు చుట్టే తునికాకు కట్టలు, వానలు పడగానే లేత వెదురు కొమ్ముల కూర, కొత్త చిక్కుడుకాయ వచ్చినప్పుడు ఊరంతా కలిసి చేసే పండుగ; మాకు నెలలు గోడమీది క్యాలెండరులో కాక నాలుక మీద తెలిసేవి. ఊరు మొత్తానికి సిమెంటు గచ్చు ఉన్నది మా బడి వరండాకే కాబట్టి, ఆ కాలంలో అందరి ఇప్పపూలూ అక్కడే ఎండేవి, మేకలు రాకుండా ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని కాపలా కూర్చునేది. ఆ ముసలమ్మ మా నాయనమ్మ.

బడిలో చేరిన మొదటి రోజు నాకు దాహం వేసింది. మా కోయలో నీళ్ళను ఏరు అంటాం. లేచి నిలబడి, నాకు వచ్చిన ఆ ఒక్క మాటా అన్నాను. ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన సలీమా టీచర్‌కు ఏరంటే ఊరి పక్కన పారే వాగు. పిల్ల వాగు వైపు ఎందుకు పోతానంటుందో ఊహించుకుని, చిటికెనవేలు చూపించి, "పో బిడ్డా, జల్దీ పోయి రా" అంది. తెలుగు తెలిసిన పిల్లలందరూ పడీపడీ నవ్వారు. నేను బయటికి పోయి వాగు దగ్గర దోసిలితో నీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు మూసిన నోరు మళ్ళీ బడిలో తెరవలేదు. పలక మీద రాసేదాన్ని, లెక్కలు చేసేదాన్ని, పిలిస్తే నిలబడేదాన్ని, అంతే. నాకు మాటలు రావేమోనని కొందరు అనుకునేవాళ్ళు. ఇంట్లో మాత్రం నా నోటికి మూత ఉండేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా బడికి కంప్యూటర్ వచ్చింది. ట్రాలీ ఆటోలో, రెండు అట్టపెట్టెల్లో, ఊరి పిల్లలందరం వెనకాల పరుగెత్తుతుండగా వచ్చింది. ఊరిపెద్ద దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. టీచర్ అడ్డు చెప్పలేదు గానీ, కొబ్బరినీళ్ళు దానిమీద పడతాయేమోనని తన చున్నీ అడ్డం పట్టి నిలబడింది. తర్వాత కొబ్బరిముక్కలూ బెల్లమూ ఆమే పంచింది. బిగించడానికి వచ్చిన మనిషి ఏవో తీగలు కలిపి, నీలం తెర చూపించి, సంతకం తీసుకుని పోయాడు. అంతే, ఆ గదికి తాళం పడింది. ఖమ్మంలో దర్జీ పని చేసే టీచర్ వాళ్ళ నాన్న దానికొక ముసుగు కుట్టి పంపాడు. మిగిలిన చొక్కా ముక్కలతో కుట్టిన రంగురంగుల ముసుగు, అంచున లేసు కూడా ఉండేది. శనివారం నాడు మాలో ఇద్దరికి దుమ్ము తుడిచే అదృష్టం దక్కేది. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఊపిరి బిగబట్టి లోపలికి పోయేవాళ్ళం. టీచర్ గుమ్మం దగ్గరే నిలబడి, "దాన్ని ముట్టుకోకుండ తుడవాలె" అనేది. అదెలాగో మాకు తెలిసేది కాదు, అయినా తుడిచేవాళ్ళం.

ఏడాది గడిచింది. ఒక రోజు తనిఖీకి ఒక అధికారి వచ్చి, పిల్లలతో కంప్యూటర్ తెరిపించమన్నాడు. మేము ముసుగు తీసి, మడత పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఆయన టీచర్ వైపు చూశాడు. టీచర్ ముఖం ఎర్రబడింది. మా వైపు ఒకసారి చూసి, మెల్లగా, "నాకే రాదు సార్. ఖరాబైతదని భయమైంది" అంది.

పెద్దవాళ్ళు తమకు రాదని చెప్పగా నేను వినడం అదే మొదలు. అందులోనూ టీచర్. ఆమెకు కూడా నాలాగే నోరు తెరవడానికి భయం వేసే చోటు ఒకటుందని తెలిసి, నాకు లోలోపల ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను. అధికారి కోప్పడలేదు, నేర్చుకొమ్మని చెప్పి పోయాడు.

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం ఆమె భద్రాచలంలో ఒక కంప్యూటర్ సెంటరుకు పోయి, కాలేజీ పిల్లల మధ్య కూర్చుని నేర్చుకుని వచ్చేది. సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక, మేము మట్టిలో గుండ్రంగా కూర్చుంటే, కొత్తగా నేర్చుకున్నవీ, తప్పు చేసినవీ దాచకుండా చెప్పేది. బాణం గుర్తు కనబడకుండా పోయిందని మౌసును బల్ల అంచు దాకా లాగి కింద పడేసిన కథ మేము మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాం. మా ఊళ్ళో కరెంటు ఉండే గంటలు తక్కువ, కంప్యూటర్ ఒకటే, మేము నలభైమందిమి. అందుకని అది వచ్చిన అట్టపెట్టెలనే కత్తిరించి, కీబోర్డు బొమ్మలు గీసి ఇచ్చింది. తొక్కుడుబిళ్ళ మానేసి మరీ ఆ అట్టల మీద టకటకమని వేళ్ళు కొట్టేవాళ్ళం. చప్పుడు రాదు కాబట్టి నోటితో చేసేవాళ్ళం.

భయం పోయాక ఆమెకు కంప్యూటర్ మీద మహా మోజు పుట్టింది. పాఠాల సీడీలు తెచ్చి రోజూ వేసేది. తెరమీద రంగుల సముద్రం, ఓడ, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడే ఒక అమ్మాయి గొంతు. మేము కళ్ళార్పకుండా చూసేవాళ్ళం. గది నిశ్శబ్దంగా ఉంటే పాఠం బాగా ఎక్కుతున్నదని ఆమె సంబరపడేది. మర్నాడు ప్రశ్నలు వేస్తే ఒక్కరమూ నోరు మెదిపేవాళ్ళం కాదు; ఆ పుస్తకాల తెలుగు రైతుల పిల్లలకూ కొత్తే. "నిన్న అంత మంచిగ చూసిన్రు కదా, ఏమైంది?" అని ఆమె కలవరపడేది.

నా ఐదో తరగతి చివర్లో, ఇప్పపూల కాలంలో, ఇంట్లో నా చదువు మాట వచ్చింది. మా అమ్మా నాన్నా ఏటా ఖమ్మం వైపు మిర్చి ఏరడానికి పోయి నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ళు, నేను నాయనమ్మ దగ్గర ఉండేదాన్ని. ఆ ఏడు వాళ్ళు తిరిగొచ్చాక నాన్న టీచర్‌తో, "ఐదేండ్లయింది మేడం, బడిల ఒక్క మాట మాట్లాడది. వచ్చే ఏడు మాతోని మిర్చికి తీసుకపోతం" అన్నాడు. టీచర్ నా తలమీద చేయి వేసి నిమిరింది.

రెండు మూడు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం తెరమీద పాఠం నడుస్తున్నది. వరండాలో నాయనమ్మ పూలకు కాపలా కూర్చుని, చుట్టూ చేరిన పసిపిల్లలకు కోయలో ఎలుగుబంటి కథ చెబుతున్నది. చప్పుడు తగ్గించమని చెప్పడానికి టీచర్ లేచి తలుపు దాకా పోయింది, అక్కడి నుంచి వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. మా కళ్ళు తెరమీదే ఉన్నాయి, తలలు మాత్రం అన్నీ కిటికీ వైపు వాలి ఉన్నాయి. ఎలుగుబంటి చెట్టు మీంచి జారిన చోట, మాతో ఆడి కోయ నేర్చిన రైతుల పిల్లలతో సహా, గది మొత్తం ఫక్కున నవ్వింది. తెరమీద ఆ అమ్మాయి ఓడల గురించి చెబుతూనే ఉంది. టీచర్ కంప్యూటర్ ఆపేసి, బయటికి పోయి నాయనమ్మ పక్కన గచ్చుమీద కూర్చుంది. తన చిన్న బటన్ల ఫోను తీసి, రికార్డింగు నొక్కి పూల పక్కన పెట్టి, కథ మొదటి నుంచి చెప్పమని సైగ చేసింది. మేమూ వచ్చి చుట్టూ మూగాం.

మర్నాడు ఆ గొంతును కంప్యూటర్లోకి ఎక్కించి స్పీకర్లలో పెట్టింది. ఒక్కో మాట దగ్గర ఆపి, అర్థం చెప్పమని అడిగి, బోర్డుమీద తెలుగులో రాస్తున్నది. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి అరుస్తున్నారు. పూలు మేసి మత్తెక్కిన ఎలుగు, గుడిసె ముందున్న ముసలమ్మను నీళ్ళడిగే చోటు వచ్చింది. ఆ గోలలో టీచర్ తనకు తెలిసినట్టే, 'ఎలుగు ఏటికి పోయింది' అని రాసింది.

ఆ కథ నాకు పాలు తాగిన నాటి నుంచీ తెలుసు. అది తప్పుపోతుంటే తట్టుకోలేకపోయాను. నేనెప్పుడు లేచానో నాకే తెలియదు.

"ఏటికి పోలేదు టీచర్. నీళ్ళడిగింది. ఏరంటే నీళ్ళు."

గోల ఆగిపోయింది. టీచర్ బోర్డుమీద తాను రాసిన మాటను చూసి, నా వైపు తిరిగింది. ఆమె ఏం గుర్తు చేసుకుంటున్నదో నాకు తెలుస్తూనే ఉంది.

"ఆనాడు నువ్వు నీళ్ళడిగినవా బిడ్డా?"

తలూపాను. ఆమె మూలనున్న కుండ దగ్గరికి పోయి, గ్లాసు ముంచి, తెచ్చి నా చేతికిచ్చింది. నాకప్పుడు దాహం లేదు, అయినా మొత్తం తాగేశాను. మిగిలిన కథంతా నేనే చెప్పాను, ఆమె రాసింది. తర్వాత కీబోర్డు ముందు నన్ను కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం వెతికి కొట్టించింది. అది పూర్తవడానికి వారం పట్టింది.

పూర్తయిన రోజు పెద్దవాళ్ళను పిలిచింది. నాన్న చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెట్టెలోంచి తల్లి గొంతు వినబడగానే, పక్కనే కూర్చున్న తల్లిని ఒకసారి చూసి, మళ్ళీ పెట్టెను చూశాడు. నాయనమ్మ మాత్రం బెదరలేదు. తన కథ తానే శ్రద్ధగా విని, ఒకచోట తొందరపడ్డానని తప్పు కూడా దిద్దింది. తర్వాత తెరమీది తెలుగు అక్షరాలను నేను గట్టిగా చదివాను.

చదవడం అయ్యాక నాన్న గోడ వదిలి తెర దగ్గరికి వచ్చాడు. "ఈడ ఎన్నో తరగతి దాక ఉంటది మేడం?" అని అడిగాడు.

"ఏడు దాక."

"ఆ తర్వాత?"

"భద్రాచలంల ఆడపిల్లల హాస్టల్ ఉంటది."

"అవ్. మరి గా హాస్టల్ల పేరు గూడ ఇప్పుడే రాసిపెట్టు."

ఆ తర్వాత మా బడిలో కంప్యూటర్ ఎప్పుడూ ఒంటరిగా పాఠం చెప్పలేదు. చేపల వల అల్లే తాత, విత్తనాలు దాచే అత్త, డోలు కట్టే మామ, అందరి గొంతులూ దానిలోకి చేరాయి. పిల్లలం వాటిని తెలుగులో రాశాం, బొమ్మలు గీశాం, వాటిమీదే లెక్కలు కూడా చేశాం. చుట్టుపక్కల బడుల టీచర్లు చూడటానికి వస్తే సలీమా టీచర్ మమ్మల్ని ముందుకు తోసి, తాను వెనక నిలబడేది.

ఇప్పుడు మా ఊరికి తారు రోడ్డు పడింది. పాత బడి కూల్చి కొత్తది కట్టారు. అందులో గోడంత తెర ఉంది, దానికి ఏ పిల్లా భయపడదు. ఆ వరండా లేదు, పూలు ఎవరిళ్ళ మీద వాళ్ళు ఆరబెట్టుకుంటున్నారు. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఊళ్ళోని చిన్నపిల్లలు ఇంట్లో కూడా ఎక్కువగా తెలుగే మాట్లాడుతున్నారు, కోయలో అడిగితే తెలుగులో జవాబిస్తారు.

సలీమా టీచర్ ఉద్యోగం అయిపోయి, ఖమ్మంలోనే, మా దవాఖానాకు రెండు వీధుల అవతల ఉంటుంది. సెలవు దొరికినప్పుడు పోతాను. చాయ్ తాగుతూ ఆ పాత కథలు పెట్టుకుని వింటాం. నాయనమ్మ గొంతు వెనకాల మేకల మెడగంటలు, గాలికి టేకాకుల గరగర, పక్క గదిలో ఎవరో చదువుతున్న ఎక్కాలు వినబడతాయి. ఎలుగుబంటి జారే చోట అందరికంటే ముందుగా, గట్టిగా, ఒక ఆడపిల్ల నవ్వుతుంది. అది నువ్వే అంటుంది టీచర్. అప్పటికి నేను బడిలో చప్పుడే చేసేదాన్ని కాదు కదా, నేను కాదంటాను. ఆమె ఒప్పుకోదు. కథను వెనక్కి జరిపి, నా ముఖంలోకి చూస్తూ, మళ్ళీ వినిపిస్తుంది.