మేం మెల్లగా తిప్పిన పాట

పిడేలు మామ ఇక లేరని మొన్న ఆదివారం పొద్దున పాలు పోసే మనిషి చెప్పాడు. చెంబు దించకుండానే, "శెట్టీ, మామ పోయినాడు. తెల్లారి అత్త లేపితే పలకలేదంట" అన్నాడు. నేను అప్పుడు చింతపండు తూస్తున్నాను. తక్కెడ అట్లాగే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఇంటికి నడిచాను. దారిలో ఎవరో "అంగడి తెరిచిపెట్టి యాడికి పోతాండావు?" అని అరిచారు.

మన ధర్మపురి తెలుగువాళ్ళలో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. భజనలో కుడిపక్కన నిటారుగా కూర్చుని పిడేలు వాయించే రైతు అంటే చాలు, మీకే గుర్తొస్తారు. ఆయన నాకు చుట్టం కాదు. ఆయన చేను, పసులు ఊరి చివర. మాది సంతవీధిలో కిరాణా అంగడి. అయినా మాటలు వచ్చిన నాటినుంచి నేను మామా అనే పిలిచాను. ఆయన నన్ను, చొక్కా లేకుండా తిరిగే వయసునుంచీ, శెట్టీ అనే పిలిచారు.

పిడేలు కమానుకు రాసే రోజనం బంకను ఒక కొబ్బరిచిప్పలో దాచుకునేవారు. రాసే ముందు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూడాలి, అప్పుడే పని మొదలు. భజనవాళ్ళు హుషారులో తాళం పెంచితే కమాను పైకెత్తి పట్టుకుని కూర్చునేవారు. "ఎవడన్నా తరుముకొస్తాండాడా? నిదానంగా పాడండప్పా. దేవుడు యాడికీ పోడు" అనేవారు. అందరూ దారికి వచ్చాకే కమాను దిగేది.

ఆయనకు ఒక్కడే కొడుకు. అదేం విడ్డూరమో, వాడికి నిదానమంటే గిట్టదు. బండి కట్టాడంటే పాలక్కోడు దారిలో దుమ్ము లేవాల్సిందే. ఒకసారి పందెం వేసుకుని తోలి ఎద్దు కాలు విరగ్గొట్టాడు. మామ ఆ ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నువ్వు నా గడప తొక్కొద్దురా" అన్నారు. కోపంలో అన్న మాటే. వాడు మాత్రం నిజంగానే సేలం పోయి, పట్టాళంలో లారీ తోలే పనికి చేరిపోయాడు. అస్సాం కొండల్లో అమెరికా సోల్జర్ల దగ్గర పని అని ఒక కార్డు వచ్చింది. యుద్ధం ముగియబోతుండగా, లారీ లోయలో పడిందని తంతి వచ్చింది.

కొన్నాళ్ళకు మొరప్పూరు స్టేషనుకు వాడి రేకుపెట్టె చేరింది. అందులో రెండు చొక్కాలు, ఒక అద్దం, తువ్వాలులో చుట్టిన గ్రామఫోను ప్లేటు ఒకటి. ఉత్తరం లేదు.

మామకు అప్పటిదాకా గ్రామఫోను అంటే చులకన. "పెట్టెలో పాట ఎండబెట్టిన వంకాయ శెట్టీ. తినచ్చు, కానీ దాన్ని వంకాయ అనకూడదు" అనేవారు. ఆ రోజు ఆ ప్లేటును చంటిబిడ్డలాగా రెండు చేతుల్లో పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మా వీధిలో ఆ పెట్టె ఉన్నది మా ఒక్కరికే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా సరే. పోయిన మా నాయన మహా పొదుపరి. గ్రామఫోనుకు వేగం మార్చే మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన కొన్ననాడే అన్నిటికన్నా తక్కువ వేగానికి జరిపేశారు. వత్తి తగ్గిస్తే నూనె మిగిలినట్టు, మెల్లగా తిరిగితే ప్లేటు అరగదని ఆయన నమ్మకం. స్ప్రింగు పాతబడి పెట్టె ఇంకా నీరసించింది. ప్లేటులో ఆడవాళ్ళు పాడినా మా ఇంట్లో మగగొంతే వినిపించేది. కాఫీ హోటల్లో అవే పాటలు చురుగ్గా మోగితే, "గిరాకీ తొందరగా లేచిపోవాలని వాడు జోరుగా తిప్పుతాడు" అని నవ్వుకునేవాళ్ళం. వర్తకులం కదా, మాకు తోచేది అదే! నాయన పోయాక కూడా ఆ మీటను నేను ముట్టుకోలేదు.

ఆ ప్లేటు పెట్టాను. తీగల వాద్యాలు మూడు, మధ్యలో ఒక మగగొంతు, బరువుగా, మూలిగినట్టు. మామ వేలెత్తి, "అది పిడేలు. ఇదో, ఇది మాండలిన్" అన్నారు. మూడోది ఏమిటో ఆయనకూ తెలియలేదు. వాన వెలిశాక చూరు నుంచి రాలే చినుకుల్లా ఒక్కొక్కటే టక్కు టక్కుమంటోంది. ప్లేటు మీది అక్షరాలు చదివిన స్కూలు అయ్యవారు కూడా, అది అమెరికా కొండపల్లెల పాటని మాత్రమే చెప్పగలిగారు.

పాట అయ్యాక మామ తల ఎత్తకుండానే, "ఏడుపు పాట శెట్టీ ఇది. గంతులేసే నా కొడుకు దీన్ని దాచిపెట్టుకున్నాడంటే, వాడు ఆడ ఎంత కుమిలిపోయినాడో! గడప తొక్కొద్దంటి గదా నేను" అన్నారు.

ఆనాటినుంచి రెండేళ్ళకు పైగా, ప్రతి సంతనాడూ వెన్న అమ్ముకుని వచ్చి, మా తిన్నె మీద కూర్చుని ఆ పాట వినేవారు. ఒక్కసారే. రెండోసారి అడిగేవారు కాదు. ఆ వరసను పిడేలు మీదికి దింపుకున్నారు. భజన ముగిసి జనం లేచేటప్పుడు మెల్లగా దాన్నే వాయించేవారు. అది విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళు మీలోనూ ఉన్నారు. అత్త మాత్రం మా ఇంటి ఛాయలకు రాలేదు. "వాడి ఏడుపు నేను వినలేను నాయనా" అనేది. మామ ఒకనాడు నన్నే అడిగారు. "పోయినోళ్ళను మన్నించమని అడగాలంటే యాడికి పోవాల శెట్టీ? తీర్థమలై గుడికి పోయి మునిగొస్తి. మనసులో బరువు దిగలేదు." నేను బెల్లం ముక్క ఒకటి ఆయన చేతిలో పెట్టాను.

పోయిన నెల మా పెట్టె స్ప్రింగు తెగింది. సేలం నుంచి రిపేరు మనిషిని పిలిపించాను. కొత్త స్ప్రింగు వేశాడు. మీట చూశాడు. ఇక అరవంలో నన్ను తిట్టినంత పని చేశాడు. "ఎవరయ్యా దీన్ని ఇట్లా పెట్టింది? పాడేవాళ్ళ గొంతు పిసుకుతున్నారే!" అని దాని సారాంశం. తిరిగే పళ్ళెం అంచున కాగితం ముక్క ఉంచి, గడియారం చూస్తూ చుట్లు లెక్కబెట్టి, మీట జరిపాడు. ఆ రోజు సంత. మామ తిన్నె మీదే ఉన్నారు. పెట్టి చూడటానికి రిపేరు మనిషి చేతికి అందిన ప్లేటు ఆయనదే.

అబ్బా, ఏమని చెప్పను! పిడేలు దూకింది. మాండలిన్ దాని వెంట పడింది. మేం చినుకులనుకున్నవి చినుకులు కావు, మువ్వలు కట్టిన ఎద్దులు దిగుడులో పరుగెత్తే మోత. దాని పేరు బాంజో అని రిపేరు మనిషి చెప్పాడు. ఆ మూలిగే గొంతు సన్నగా, ఎత్తుగా, గుట్ట మీదినుంచి పసులను కేకేసినట్టు లేచింది. నేను అతని మీద విరుచుకుపడ్డాను. "ఓయ్, మా పాట చెడగొట్టినావే!" అతను నవ్వాడు. "ఇన్నాళ్ళూ చెడగొట్టింది మీరు సామీ. ఇది ఎగిరి దూకే పాట" అన్నాడు.

మామ వైపు చూడటానికి నాకు భయమేసింది. ఆయన నోరు తెరుచుకుని ఉంది. కాలి బొటనవేలు తనంతట తాను నేలను కొడుతోంది. "వాడు ఏడ్చలేదు శెట్టీ" అన్నారు. మళ్ళీ గట్టిగా, వీధికి వినబడేలా, "వాడు ఏడ్చలేదప్పా! ఆడ కూడా బండే తోలినాడు నా కొడుకు!" అన్నారు. నవ్వుతున్నారు, కన్నీళ్ళు మీసాల మీదికి కారుతున్నాయి. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "మా పిసినారితనానికి నిన్ను రెండేళ్ళు ఏడిపిస్తిమి మామా" అన్నాను. "సుమ్మా ఉండప్పా, ఆ మాటెందుకు. ఇంకోసారి పెట్టు" అన్నారు.

ఎన్నిసార్లు పెట్టానో! మధ్యలో లేచిపోయి, అత్తను చెయ్యి పట్టి లాక్కొచ్చారు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుమ్మంలోనే నిలబడి విన్నది. పాట సగంలో ఉండగా చెంగు తీసింది. "వీడికి ఎప్పుడూ తొందరే" అంది, కొడుకు ఇప్పుడే బయటికి పోయినట్టు.

ఆ తర్వాత మామ బతికింది ఇరవై రోజులు. మా తప్పు ఆయన్ని రెండేళ్ళు తినేసింది, నిజం మాత్రం ఆయనకు ఇరవై రోజులే దక్కింది.

ఆ ఇరవై రోజులూ పిడేలు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆ పాటను ఆ వేగంతోనే వాయించాలని పట్టు. పాలు పిండి, నాగలి మేడి పట్టి కాయలు కాసిన వేళ్ళు; జన్మంతా నిదానం నేర్చిన చెయ్యి. సగానికి రాకముందే వెనకబడేవారు. "కొంచెం తగ్గిస్తాను మామా" అని మీట మీద చెయ్యి వేస్తే, కమానుతో నా చేతి మీద ఒక్కటి కొట్టారు.

పోవడానికి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, మళ్ళీ కూర్చున్నారు. ప్లేటులోని పిడేలు ఎప్పటిలాగే ముందుకు పోయింది. మామ కమాను ఎగిరెగిరి పడుతోంది, మెడ మీద చెమట. కళ్ళు మూసుకుని, "నిలబడరా... వస్తాండా, నిలబడరా" అన్నారు. పాట ముగిసింది. ముల్లు చివరి గీతలో గరగరమంటూ తిరుగుతోంది. ఆయనకు ఇంకా సగం చరణం మిగిలే ఉంది. నేను ముల్లు ఎత్తలేదు. ఆయన ఆపలేదు. ఆ గరగరలో, తానొక్కరే, చివరి స్వరందాకా వాయించుకుంటూ పోయారు.