తూచకుండా రాసిన బరువు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ నెలలో జరిగిన సంగతి ఇది. అప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రి ఎముకల విభాగానికి పెద్ద డాక్టరుగా ఉన్నాను. చల్లపల్లి దగ్గర సైకిలు మీద ట్యూషన్‌కి వెళ్తున్న పదమూడేళ్ల శ్రావణిని ఆటో గుద్దింది. కుడి తొడ ఎముక నడిమధ్యన విరిగింది. తండ్రి వీరయ్య మగ్గం నేస్తాడు.

ఈ వయసులో ఏ కడ్డీ వెయ్యాలన్నదే అసలు ప్రశ్న. చిన్నపిల్లలకు మోకాలి పైనుంచి సన్నటి, వంగే కడ్డీలు రెండు ఎక్కిస్తాం. బరువు యాభై కిలోలకు చేరితే అవి తట్టుకోవు, ఎముక వంకరగా అతుక్కోవచ్చు. అప్పుడు తుంటి దగ్గర నుంచి గట్టి రాడ్డు వెయ్యాలి. అదీ పెద్దవాళ్లకు వేసే చోటునుంచి కాదు. అక్కడ తొడ ఎముక తలకు రక్తం అందించే నాళాలుంటాయి. అవి తెగితే ఆ తల నెలల మీద కుంగిపోయి, పిల్ల జీవితాంతం కుంటుతుంది.

కేసుషీటులో బరువు నలభై రెండు అని ఉంది. సన్నకడ్డీలు చాలనుకుని, మర్నాటి లిస్టులో మొదటి కేసుగా రాయించాను.

పొద్దున్నే మత్తు డాక్టరు పద్మజగారు నన్ను థియేటర్ బయటే ఆపారు. ఆవిడ మందు మోతాదు లెక్క కట్టేది బరువును బట్టే.

"ఈ నలభై రెండు ఎవరు తూచారండీ? పిల్ల నా అంత ఉంది" అన్నారు.

ఎవరూ తూచలేదు. విరిగిన కాలుతో నిలబెట్టలేక తండ్రిని అడిగి రాశానని డ్యూటీ డాక్టరు ఒప్పుకుంది. చూసి సంతకం పెట్టింది నేనే. స్టోర్‌లో సామాన్లు తూచే కాటా మీదికి శ్రావణిని స్ట్రెచర్‌తో సహా ఎక్కించి, స్ట్రెచర్ బరువు తీసేశాం. యాభై ఎనిమిది.

ఆపరేషన్ ఆపేశాను. ఆమె ఎముకకు సరిపోయే రాడ్డు మా దగ్గర లేదు, హైదరాబాద్ నుంచి రావాలి. వీరయ్యకు కోపం వచ్చింది.

"తెల్లారగట్ట నుంచి పిల్లకి మంచినీళ్లు కూడా పట్టలేదండీ. ఇప్పుడు కాదంటే ఎట్టాగండీ?"

"తప్పు మాదే వీరయ్యగారూ. తూచకుండా రాశాం. ఆ కడ్డీలే వేస్తే కాలు వంకరపోవచ్చు."

వీరయ్య స్ట్రెచర్ వైపు తిరిగాడు. "రెండేళ్ల కింద బళ్లో తూచింది గుర్తుంటే చెప్పానండీ. ఇంత ఎదిగిందని నేనే చూసుకోలేదు" అన్నాడు.

స్ట్రెచర్ మీంచి శ్రావణి అడిగింది: "అయితే సార్, ఇప్పుడు ఇడ్లీ తినొచ్చా?"

ఆ ఉదయం మేమందరం నవ్వింది అప్పుడే.

హైదరాబాద్ నుంచి రాడ్డు వచ్చాక, రెండో రోజున తుంటి బయటివైపు ఎముక గుబ్బ నుంచి రాడ్డు వేశాను. ఎముక నిటారుగా కుదిరింది. కానీ నాళాలు నిలిచాయో లేదో ఆ రోజు తెలిసేది కాదు. ఏడాదిన్నర పాటు ఎక్స్‌రేలు తీయించాను. ప్రతిసారీ ఫిల్మును వెలుతురుకు పట్టి రెండు వైపులా పోల్చి చూసేవాణ్ని. చివరి ఫిల్ములో రెండు తొడ ఎముకల తలలూ ఒకేలా, గుండ్రంగా ఉన్నాయి. వీరయ్యకు ఆ మాట చెప్పి కుర్చీలో వెనక్కి వాలాను. చాలాకాలం తర్వాత ఒళ్లు తేలికపడింది.

విరిగిన ఎముకను నేను జాగ్రత్తగానే చూశాను, పిల్లను చూడలేదు. తర్వాత మా వార్డులో బరువు పక్కన తూచినవారి సంతకం లేకుండా ఏ పిల్ల పేరూ ఆపరేషన్ లిస్టులోకి ఎక్కనివ్వలేదు.