లే నేడే

మా వదిన నా గేజి లాక్కుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను అలాగే అంటాను. టైరులో గాలి ఎంతుందో చూపించే ఇత్తడి గేజి అది. నిజానికి నాన్నది. కానీ దాని మీద చీమల్లాంటి అంకెలు నాన్న కళ్ళకు ఆనేవి కావు, ఊహ తెలిసినప్పటి నుంచి వాటిని చదివి చెప్పేది నేనే.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. నాన్న మూటలు వదిలి గాజుల వ్యాపారంలోకి దిగాడు. అదే ఊళ్ళో పజుండౌంగ్ పేటలో వాగు పక్కన మా ఇల్లు. కానీ ఏడాదిలో సగం రోజులు మేము ఇంట్లో ఉండేవాళ్ళం కాదు. ఎక్కడ పగోడా తిరునాళ్ళు జరిగితే అక్కడికి మా ట్రైలరు వెళ్ళేది. పాత మిలిటరీ చక్రాల చట్రం మీద నాన్న చెక్కలతో కట్టించిన గది అది. లోపల రెండు మంచాలు, పొయ్యి, బియ్యం మూట, మిగిలిన చోటంతా గాజుల పెట్టెలు. అన్నయ్య నడిపే లారీ వెనక తగిలించుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళం. దాన్ని మేము బండిల్లు అనేవాళ్ళం.

గాజులు చూడటానికే నాజూకు, పెట్టెల్లో పేరిస్తే బండరాళ్ళే. అంత బరువు మోసేవి నాలుగు పాత టైర్లు. దేశం తలుపులేసుకుని కూర్చున్న కాలం, కొత్త టైరు కళ్ళచూడటమే గగనం. అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించుకుని దానికే దండం పెట్టుకునేవాళ్ళం. అందుకే గాలి దగ్గర నాన్నకు మహా పట్టుదల.

"టైరు సల్లగున్నప్పుడే కొలవాల, ఎండ తగలక మునుపే" అనేవాడు. "ఖాళీ బండికి కాస్త మెత్తగున్నా పర్నేదు. బరువేసినప్పుడు టైరు పక్కన అచ్చేసినంతా కొట్టాల. పాతదని జాలిపడి తగ్గిస్తే ఏడెక్కి సస్తాది."

తెల్లవారుతూనే నేను చక్రం పక్కన గొంతుక్కూర్చుని అంకె చదివేదాన్ని. నాన్న తల ఊపేవాడు. ఏనాడూ బాగా చదివావని అనలేదు. నేనూ అడగలేదు, ఆ తల ఊపు చాలనుకున్నాను.

తర్వాత నేను చదువుకోసం మౌల్మీన్ వెళ్ళాను. ఆ మధ్యలో అన్నయ్యకు పెళ్ళయింది. ఇంతలో సైనిక ప్రభుత్వం మీద దేశమంతా భగ్గుమంది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, కాలేజీలకు తాళాలు పడ్డాయి. నేను ఇంటికొచ్చేసరికి గేజి వదిన మెడలో ఉంది. నల్లతాడు కట్టి, నగలా వేలాడదీసుకుంది.

"దానికి కళ్ళు బాగా ఆనతాయే" అన్నాడు నాన్న. "నీకెందుకీ మట్టి పని, సదువుకున్నదానివి."

నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన ఇన్సేన్‌లో రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తిరగదు, ఏ మాటైనా బర్మా భాషలోనే. నాన్న బర్మా మాట్లాడేవాడు కానీ అదంతా ఒకే గొంతు. బర్మా మాటకు సగం అర్థం గొంతు ఎత్తడంలో, దించడంలో ఉంటుంది. నాన్న దాన్ని శ్రీకాకుళం యాసలో చదును చేసి పారేసేవాడు. అయినా ఆమె ఏదో అనేది, ఈయన "బాగా సూసినావమ్మా" అనేవాడు. ఆ మాట నేను లోపల అన్నం వారుస్తూ వినేదాన్ని. ఎన్నిసార్లు గంజి చేతి మీద పోసుకున్నానో నాకే తెలుసు.

వానలు ముదిరాక ఊళ్ళో దుకాణాలు లూటీ అవుతున్నాయని కబురు. మా సందు మొదట్లో వెదురు కంచె కట్టి మగవాళ్ళు కాపలా కూర్చున్నారు. మా సరుకంతా, బతుకంతా బండిల్లే. దాన్ని తీసుకుని అందరం పెగూ వైపు చిన్నాన్న పొలానికి పోదామని నాన్న తేల్చాడు.

బయలుదేరే రోజు పొద్దున నేను లోపల పెట్టెలు సర్దుతున్నాను. వదిన చక్రాలు చూస్తోంది. కరెంటు లేక గాలి మిషను పడుకుంది, గాలి తగ్గితే చేతి పంపుతో కొట్టుకోవాల్సిందే. అన్నయ్య లారీకి డీజిలు వెతకడానికి వెళ్ళాడు. బయట వదిన గొంతు వినిపించింది, మాట తెలియలేదు. నాన్న వచ్చి బియ్యం మూట దింపాడు, రుబ్బురోలు దింపాడు, ఒక మంచం దింపాడు. చివరికి నా వైపు చూశాడు.

"నువ్వూ దిగిపోవే. పక్కింట్లో పెద్దమ్మ దగ్గరుండు. బరువైపోనాదంట."

"ఎవరన్నారు?"

"మీ వదిన."

దిగాను. వదిన నా వంక చూడనైనా చూడలేదు, మొహం గంటు పెట్టుకుని బండెక్కింది. నా గేజి తీసుకుంది, నాన్నను తీసుకుంది, ఇప్పుడు నా చోటు కూడా తీసుకుంది. కాల్పులు జరుగుతున్న ఊళ్ళో నన్ను రుబ్బురోలు పక్కన వదిలేసి ముగ్గురూ వెళ్ళిపోయారు. నేను ఆ రోలు మీదే కూర్చుని ఏడ్చాను. ఆ బండి ఎక్కడో కూలబడాలని కోరుకున్నాను కూడా.

కోరిక త్వరగానే తీరింది. మధ్యాహ్నం మా సందులోని సైకిల్ రిక్షా అతను వచ్చి, మీ బండి ఊరు దాటకముందే తామ్వేలో ఆగిపోయింది అని చెప్పాడు. పెద్దమ్మ వద్దంటున్నా వినకుండా వానలో నడిచి వెళ్ళాను. రోడ్డు పక్కన ట్రైలరు ఒక వైపు ఒరిగి ఉంది. వెనక ఎడమ టైరు చీలికలై వేలాడుతోంది. అన్నయ్య జాకీ కోసం వెళ్ళాడట. నాన్న, వదిన చెరో దిక్కు చూస్తూ నిలబడి ఉన్నారు.

"బరువు తగ్గించినా పేలిపోనాదే" అన్నాడు నాన్న నాతో.

వదిన గిర్రున తిరిగింది. పొద్దున తను అన్న మాటను మళ్ళీ అంది. "లే నేడే."

"అదేగదా, బరువుందని సెప్పినావు" అన్నాడు నాన్న.

నాకు అప్పుడు అర్థమైంది. గొంతు దించి లే అంటే గాలి. నొక్కి సాగదీసి లే అంటే బరువు. గాలి తక్కువగా ఉందన్నా, బరువుగా ఉందన్నా నాన్న తెలుగు చెవికి ఒకటే, లే నేడే. వదిన గొంతు దించి పలికింది. గాలి తక్కువ అంది. నాన్న గాలి కొట్టడం మాని సామాను దింపాడు.

ఆ సంగతి నేను నాన్నకు చెబుతుంటే వదిన విన్నది. ఆమె నోట అంత తెలుగు నేను ఎప్పుడూ వినలేదు.

"గాలి నేదని నాను సెప్పినాను. మావయ్య కూతుర్ని దింపీసినారు. గాలి నేని బండిలో కోడలు పోతే పోనీ అని నన్ను ఎక్కించినారు అనుకున్నాను. ఈ పిల్లని సూస్తే నాకు కడుపు మండిపోనాది."

నాకు జాలి కంటే ముందు సంతోషం వచ్చింది. ఈ ఇంట్లో నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి కూడా ఉంది. ఎన్ని నెలలుగానో మండుతున్న నా కడుపు ఆ వానలో చల్లబడింది.

వదిన కొంగుతో మొహం తుడుచుకుని, తడిసి చల్లారిన కుడి టైరు దగ్గర కూర్చుంది. గేజి పెట్టింది, చూసింది, తల ఎత్తకుండానే మళ్ళీ అదే అంది. "లే నేడే."

నాన్న ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు.

"ఏటే అది? గాలా, బరువా?"

నాకు తెలుసు. కానీ వెంటనే చెప్పలేదు. నేను నోరు విప్పేదాకా నాన్న నా మొహమే చూస్తూ నిలబడ్డాడు.