మైనం పోయని పికప్

ఆళ్లగడ్డలో టీ గ్లాసులు ఏటేటా చిన్నవవుతున్నాయి. ఎవరూ అడగరు. సరే, అది వేరే బాధ.

ఇప్పుడు చెప్పేది మాత్రం జరిగింది. నా గిటారు మీద ఒట్టు. నా ఆస్తిలో ఒట్టుకు పనికొచ్చేది అదొక్కటే.

తెల్లవారితే నంద్యాలలో మా బ్యాండు మొదటి ప్రోగ్రాం. వాయించేది హెవీ మెటల్. యాంపు మీది గెయిన్ నాబ్ బాగా పెంచితేగానీ ఆ గర్జన రాదు. పెంచితేనేమో నా పికప్... అదే, తీగల కదలికను పట్టి యాంపుకు పంపే అయస్కాంతపు దిమ్మ... జోరీగలా రొద పెడుతుంది. సిరామిక్ అయస్కాంతమున్న కొత్తది రావాలంటే నాలుగు రోజులన్నారు. అందుకే ఆళ్లగడ్డలో మైకుసెట్లు బాగుచేసే మస్తానన్న దగ్గరికి పోయాను.

ఆయన డ్రాయరు లాగి, గుడ్డలో మూటగట్టిన పికప్ ఒకటి నా చేతిలో పెట్టాడు.

"మా రఫీ చుట్టింది. ఇదే ఆఖరుది."

రఫీ ఆయన తమ్ముడు. పోయి రెండేళ్లు. వెంట్రుకకంటే సన్నటి రాగి తీగను చేత్తోనే చుట్టేవాడు... ప్రతి చుట్టూ గొణుక్కుంటూ లెక్కపెట్టి. ఐదు వేలు. ఒకటి తప్పినా విప్పేసి మళ్లీ మొదలు.

"మైనం పోయకముందే పోయినాడప్పా."

కరిగిన మైనంలో ముంచితే చుట్ల మధ్య సందులు మూసుకుపోతాయి. ముంచకపోతే, గెయిన్ పెంచినప్పుడు కూత పెడుతుంది.

"ముందు విందాం అన్నా," అన్నాను.

రాత్రి ఎనిమిది దాటింది. షట్టరు సగం దించి, పికప్‌ను గిటారుకు బిగించి, యాంపుకు వైరు కలిపి మీటాను. అబ్బ... లావు తీగ కోసినట్టు పలికింది. నేను మంచి కళాకారుణ్ణేమోనని ఒక క్షణం అనుమానం వచ్చింది.

గెయిన్ చివరికంటా తిప్పాను. అరచేత్తో తీగలన్నీ నొక్కిపట్టాను.

ఇక ఏమీ వినపడకూడదు.

సన్నటి హమ్... దాని కింద... ఏదో గొణుగుడు.

స్పీకరుకు చెవి ఆనించాను.

"చార్ హజార్... నౌ సౌ... బీస్..."

ఉర్దూలో లెక్క. నాలుగు వేల తొమ్మిది వందల ఇరవై.

మస్తానన్న వైపు చూశాను. పెదవులు బిగించి ఉన్నాడు. షట్టరు కింద నుంచి వీధిలోకి చూశాను... ఎవరూ లేరు. మైనం లేని పికప్ మైకులాగా దగ్గరి మాటలు పట్టుకుంటుంది, అది నాకు తెలుసు. కానీ ఆ మాట ఎవరో ఒకరు అనాలి కదా. ఎవరన్నారో ఈ రోజుకీ తెలియదు.

"...నౌ సౌ... ఇక్కీస్..."

ఇరవై ఒకటి.

నా చెయ్యే పోయి వైరు పీకేసింది. నన్ను అడగలేదు.

నేనే మైనం అడిగాను. ఆయన స్టవ్ వెలిగించి గిన్నెలో కరిగించాడు... నా ముఖం చూడకుండా. పికప్ విప్పి గిన్నె మీదికి తెచ్చాను. ఆవిరి వేళ్లకు తగులుతోంది.

"ముంచేస్తానన్నా. రేపు స్టేజీ మీద కూత పెడితే మా బ్యాండు పని అయిపోతాది."

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"వానికింకా డెబ్బై తొమ్మిది చుట్లుండాయి. నువ్వేందప్పా నోరు మూస్తాండావ్?"